మామూలు చెయ్యి

పెద్దకోడలు బీన్స్ కాయ ఒకటి తీసుకుంది. అటు ఈనె తీసింది, ఇటు ఈనె తీసింది, ముక్కలు కోసింది, కోసిన ముక్కల్ని పళ్ళెంలో వరసగా సర్దింది. అంతా అయ్యాక రెండో కాయ మీద చెయ్యి వేసింది.

గిన్నె నిండా ఇంకా కాయలున్నాయి. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. ఏడున్నర దాటింది, ఇంట్లో ఎవరి కడుపులోనూ టీ చుక్క తప్ప ఏమీ పడలేదు. మూడు రోజులుగా పొద్దున్న పూట ఈ ఇంట్లో ఇదే తంతు.

అత్తగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నోరు విప్పకుండా ఉండడం ఆవిడకి అలవాటు లేని పని. ఆ అవస్థ మొహంలో తెలుస్తూనే ఉంది. చివరికి తట్టుకోలేకపోయింది.

"ఆ నాలుగు కాయలు కొయ్యడానికి ఎంతసేపే?"

"మామూలు మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపే అత్తయ్యా," అంది పెద్దకోడలు తలెత్తకుండా. "నాది మామూలు చెయ్యి. మేడమ్‌గారు దగ్గరుండి కొలిచి మరీ చెప్పారు."

మేడమ్‌గారు అంటే చిన్నకోడలు. భుజానికి బ్యాగు తగిలించుకుని ముందు గదిలో నిలబడి అంతా వింటోంది. సొంత తోటికోడలి నోట మేడమ్ అనిపించుకోవడం చెంపదెబ్బ కంటే హీనం. ఆ సంగతి అన్నావిడకీ తెలుసు, పడ్డావిడకీ తెలుసు.

ఇద్దరూ పనిచేసేది ఒకే ఫ్యాన్ల కంపెనీలో. పెద్దకోడలు షెడ్డులో బెల్టు పక్కన కూర్చుని, మోటారుకి వైర్లు కలిపి మూత బిగిస్తుంది. ఆ బల్ల దగ్గరే జుట్టు నెరవడం మొదలైంది. చిన్నకోడలు ఇంజనీరింగ్ చదువుకుని, ఈమధ్యే అదే కంపెనీలో పని కొలిచే ఉద్యోగంలో చేరింది. ఏ పనికి ఎంతసేపు పట్టాలో గడియారం పట్టుకుని తేల్చడం ఆమె పని. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

గడియారం ఎంతసేపు పట్టిందో ఒక్కటే చెబుతుంది. ఆ చేసే మనిషి తాపీగా చేస్తోందా, మామూలుగా చేస్తోందా, అందరికంటే జోరుగా చేస్తోందా అన్నది కొలిచేవాళ్ళే కంటితో చూసి తేల్చి ఒక అంకె వెయ్యాలి. మామూలైతే వంద. జోరైతే ఆ పైన, అప్పుడు మిగతావాళ్ళకి దాన్నిబట్టి టైము కలిపిస్తారు. ఆ అంకె మీదే రోజుకి ఎన్ని ఫ్యాన్లు దిగాలన్న లెక్క ఆధారపడుతుంది, ఆ లెక్క మీదే బెల్టు వేగం. పోయిన వారం చిన్నకోడలు తన తోటికోడలి బల్ల పక్కన నిలబడి, కళ్ళు పెద్దవి చేసి చూసి, వంద వేసింది.

వంద అని తెలియగానే పెద్దకోడలు వందకి వంద వచ్చాయనుకుంది. ఆ సాయంత్రం మొగుడి దగ్గర చెప్పుకుని మురిసిపోయింది కూడా. మర్నాడు బెల్టు వేగం పెంచారు. మధ్యాహ్నానికల్లా షెడ్డులో ఆడవాళ్ళ భుజాలు పడిపోయాయి. అప్పుడు, గొంతు మూలాన అందరూ మైకు అని పిలిచే పక్క బల్లావిడ, వంద అంటే ఏమిటో ఆమెకి విప్పి చెప్పింది. నీది అందరిలాంటి చెయ్యేనని రాశారు, కాబట్టి ఇకమీదట అందరం నీలాగే చెయ్యాలి, మీ ఇంటి మనిషి చేత మా గొంతు బాగా కోయించావు అంది.

ఆ రోజునించి షెడ్డులో ఒక్కరూ పెద్దకోడలితో మాట్లాడడం లేదు. అన్నం గిన్నెలు పట్టుకుని అందరూ కిటికీ వైపుకి జరిగిపోయారు. ఆ కోపాన్ని ఆమె ఇంటికి మోసుకొచ్చి, బీన్స్ కాయల మీద పెట్టింది.

పెద్దకొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. బస్సు డ్రైవరు. టైము తప్పితే ఊరంతా తిట్టే ఉద్యోగం. బ్రెడ్డు తెచ్చుకుంటే గొడవ లేకుండా పోతుంది కదా అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. గోడే నయం అనిపించేలా చూసింది భార్య. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. చిన్నకొడుకు అంతకు ముందే తెలివిగా జారుకున్నాడు.

"అక్కా, ఇంట్లో వాళ్ళని ఎందుకు మాడుస్తావు," అంది చిన్నకోడలు గుమ్మం దగ్గరికి వచ్చి. "కోపం నా మీద కదా. నన్నే అను."

"మేడమ్‌గారిని అనేంతదాన్నా."

"నా కంటికి ఏం కనిపించిందో అదే వేశాను. నా సొంతం ఏమీ కలపలేదు."

"అదే నేనూ అంటున్నాను. నీ కంటికి అంతే కనిపించింది."

చిన్నకోడలికి కూడా ఒళ్ళు మండింది. తను తప్పు చేయలేదని ఆమె గట్టి నమ్మకం, పైగా ఆకలి. గడియారం పట్టుకుని ఎవరైనా బల్ల దగ్గర నిలబడితే షెడ్డులో ప్రతి చెయ్యీ దానంతట అది నెమ్మదిస్తుంది. దానికి గడియారం నడక అని పేరు కూడా పెట్టుకున్నారు. పై ఆఫీసు నుంచి కింద ఊడ్చే మనిషి దాకా తెలియనివాళ్ళు లేరు. ఆ మాటే అడిగింది.

"అందరూ నెమ్మదిగా చేస్తారు. అది మీ షెడ్డు అలవాటు. నువ్వెందుకు తగ్గించలేదు? ఎవరు వద్దన్నారు నిన్ను?"

పెద్దకోడలి చేతిలో చాకు ఆగింది.

"ఎదురుగా నిలబడింది నువ్వు కాబట్టి," అంది. "మా ఇంటి పిల్ల, చేరిన కొత్త, పదిమంది చూస్తున్నారు. దాని ముందు దొంగాట ఆడాలా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది."

అత్తగారు సందు చూసుకుని, పోనీలే, అంకెలదేముంది, ఇంటి ఆడవాళ్ళు అంకెల కోసం కొట్టుకుంటారా అంది. ఆ మాట అనకుండా ఉంటే ఆ పొద్దు అంతటితో గడిచేది.

పెద్దకోడలు చాకు కింద పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అత్తగారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఈ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే మీరు ఎంతసేపే అన్నారు అత్తయ్యా. కాఫీకి ఎంతసేపే, స్నానానికి ఎంతసేపే, జ్వరమొచ్చి పడుకుంటే లేవడానికి ఎంతసేపే. మీ నోటికి భయపడి పరిగెత్తడం నేర్చుకున్నాను. ఆ పరుగుతోనే ఇల్లు నెట్టుకొచ్చాను, కంపెనీలో పేరు తెచ్చుకున్నాను. ఒక్కరోజు కూడా మీ నోట అబ్బో అన్న మాట రాలేదు. ఇప్పుడు ఇదేమో వచ్చి, ఆ పరుగు మామూలు నడకే అని తేల్చింది. అదీ నలుగురిలో."

అత్తగారు మోకాళ్ళు నొప్పులని గొణుక్కుంటూ లేచి వెళ్ళిపోయింది.

"ఇవాళ మళ్ళీ కొలుస్తున్నావుగా," అంది పెద్దకోడలు, ఈసారి మేడమ్ లేకుండా. "ఏం వేస్తావు?"

షెడ్డు ఆడవాళ్ళంతా వెళ్ళి గోల చేస్తే మేనేజరు పెద్దసారు తిరిగి కొలవమన్నాడు. పది గంటలకి తనే వచ్చి పక్కన నిలబడతానన్నాడు. నిన్న సాయంత్రం చిన్నకోడల్ని గదిలోకి పిలిచి, పెరిగిన లెక్క పైవాళ్ళకి అప్పుడే చెప్పేశాననీ, అంకె మారిందంటే కొలిచినావిడకి కొలవడం రాదని అర్థమనీ, అలాంటివాళ్ళని పర్మనెంట్ చెయ్యడం కుదరదనీ నవ్వుతూనే చెప్పాడు. ఈ సంగతి ఆమె ఇంట్లో మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పాలనిపించలేదు.

"ఏం కనిపిస్తే అది వేస్తాను," అంది.

"కనిపిస్తే మంచిదే," అని పెద్దకోడలు సంచీ తీసుకుంది. ఇంతకు ముందు చిన్నకోడలి స్కూటర్ వెనక కూర్చుని వెళ్ళేది. మూడు రోజులుగా బస్సులో పోతోంది. ఇవాళా స్కూటర్ పక్కనుంచే నడిచి వెళ్ళింది. కోయని కాయలు గిన్నెలోనే ఉండిపోయాయి.

*

షెడ్డులో పొద్దున్న బెల్టు మొదలవకముందు నీళ్ళ కుళాయి దగ్గర అందరూ గుమిగూడతారు. పెద్దకోడలు వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. మైకు మాత్రం ముందుకొచ్చింది. నాలుగు రోజుల్లో మాట్లాడడం ఇదే మొదలు.

మైకు పరిస్థితి ఏమీ బాగాలేదు. కొత్త లెక్క వచ్చినప్పటినుంచి ఒక్కరోజూ అందుకోలేకపోయింది. ఆవిడ దగ్గరే మోటార్లు పేరుకుపోతున్నాయి, ఆవిడ దగ్గరే బెల్టు ఆగుతోంది. ఇలాగైతే బెల్టు మీదనుంచి తీసేస్తామని చెప్పారు.

"ఇవాళైనా చెయ్యి తగ్గించు," అంది. గొంతు తగ్గించి అన్నాననుకుంది, షెడ్డు చివర దాకా వినపడింది. "నిన్ను బతిమాలుకోవడం కాదు ఇది. నువ్వు చేసిన ముడి నువ్వే విప్పు. నువ్వు నెమ్మదిగా చేశావనుకో, పోయిన వారం లెక్క తప్పని తేలిపోతుంది. మళ్ళీ మా పక్కన కూర్చుని తిందువు గాని."

పెద్దకోడలు కుళాయి కట్టేసి బల్ల దగ్గరికి పోయింది. పోతుంటే వెనకనుంచి ఎవరో, ఇంటి మనిషిని కాదంటుందా ఎక్కడైనా అన్నారు.

ఆమె మనసులో ఏముందో వాళ్ళెవరికీ తెలీదు. వాళ్ళ పక్కన కూర్చుని తినాలని ఆమెకి చాలా ఉంది. కానీ చెయ్యి తగ్గిస్తే? లెక్క తగ్గుతుంది, బెల్టు నెమ్మదిస్తుంది, తన మీద పడ్డ మామూలు అన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. ఇంతేనా ఈవిడ, దీనికా ఇంత పేరు అని పెద్దసారు కూడా అనుకుంటాడు. ఇన్నేళ్ళ పరుగునీ తన చేత్తో తనే అబద్ధం చేసుకోవాలి. ఆ ఊహకే ఆమెకి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద మళ్ళీ కోపమొచ్చింది.

పది గంటలకి పెద్దసారు వచ్చాడు. వెనకే చిన్నకోడలు, చేతిలో గడియారం. పెద్దకోడలు మోటారు అందుకోబోతుంటే, చిన్నకోడలు ఆగమంది. ముందు పక్క బల్లావిణ్ణి కొలుస్తానంది.

ఎందుకని పెద్దసారు అడిగాడు. ఒక పనిని ఒక్కరి దగ్గరే కొలవకూడదనీ, పోయిన వారం తొందరలో అలా చేశాననీ చెప్పింది. పొద్దున్న వంటింట్లో విన్న మాటలు ఆమెని స్కూటర్ మీద దారి పొడుగునా పీకుతూనే ఉన్నాయి. నీ కంటికి అంతే కనిపించింది అన్న మాట మరీను. పెద్దసారు మొహం చిట్లించాడు గాని కాదనలేకపోయాడు.

మైకు కూర్చుంది. గడియారం నడక నడవలేదు. ఎలాగూ తీసేస్తామన్నారు, తన చేతనైనదంతా చేసి చూపించి, మనిషన్నదానికి ఇంతకంటే కుదరదని మొహం మీదే చెప్పాలని ఆవిడ పట్టుదల. వైరు కొస ఒలిచి, మెలిపెట్టి, దాని చోట్లో దూర్చి, మూత పెట్టి, పైన వేలాడుతున్న స్క్రూడ్రైవర్ లాగి బిగించింది. చేతులు ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. అయినా మూడో మోటారు అయ్యేసరికి బెల్టు మీద ఇంకోటి వచ్చి ఆగి ఉంది. ఆరోది అయ్యేసరికి వరస కట్టాయి. మెడ వెనక చెమట కారుతోంది. నోరు మూసుకుని పనిచేస్తున్న మైకుని షెడ్డు ఎప్పుడూ చూసి ఉండదు.

చిన్నకోడలు గడియారం చూడడం మరిచిపోయి ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. ఇందులో బద్ధకం లేదు. దొంగాట లేదు. పని వచ్చిన మనిషి, మనసు పెట్టి చేస్తున్న పని. మామూలు అంటే ఇదే. ఇదే అయితే, ఆ రెండోదేమిటి?

"ఇప్పుడు ఆవిణ్ణి కూర్చోమనండి," అన్నాడు పెద్దసారు.

పెద్దకోడలు మోటారు లాక్కుంది.

షెడ్డు అంతా ఆ చేతుల వైపే చూస్తోంది. తగ్గిస్తుందా లేదా అన్నది మొదటి మోటారుకే తేలిపోయింది. ఒక చెయ్యి మూత పెడుతుండగానే రెండో చెయ్యి స్క్రూడ్రైవర్ని దించేసింది. స్క్రూ బిగుస్తుండగానే ఎడమ చేతిలోకి పక్క మోటారు వైరు వచ్చేసింది. కళ్ళు చేతుల మీద లేవు, తిన్నగా చిన్నకోడలి మొహం మీద ఉన్నాయి. ఆగిన మోటార్లు ఒక్కొక్కటే కరిగి, బెల్టు ఖాళీ అయిపోయి, ఇంకోటి ఎప్పుడొస్తుందా అని ఆ చేతులు గాల్లో ఎదురుచూశాయి.

"పాపిష్టిది," అంది మైకు. ఈసారి నిజంగానే మెల్లగా అంది.

పెద్దసారుకి సంతోషం దాగలేదు. చూశారా, మనిషి తలుచుకుంటే అవుతుంది, పక్కవాళ్ళదంతా సాకులు అన్నాడు. తరవాత చిన్నకోడలి వైపు తిరిగాడు.

"ఏం వేస్తారు? మళ్ళీ వందేగా?"

పదిమంది చెవులు అటే ఉన్నాయి. వంద అంటే చాలు, ఉద్యోగం ఉంటుంది. ఇంకేం చెయ్యనక్కర్లేదు.

"కాదు సార్. నూట ముప్ఫై. అంతకంటే ఎక్కువే వెయ్యాలేమో గాని తక్కువ కాదు. ఈవిడతో పోల్చి ఇంకొకరికి లెక్క కట్టకూడదు. పక్కావిడ చేసిందే మామూలు."

"మరి పోయిన వారం?"

"పోయిన వారం నేను తప్పు వేశాను."

"అదే చెయ్యి, అదే పని, అదే బల్ల. పోయిన వారం వంద, ఈ వారం నూట ముప్ఫై. ఎలా పొరపడ్డారు? పైవాళ్ళకి నేను ఏమని చెప్పాలి?"

చూపు అలిసిందనో, కొత్తదాన్ననో చెప్పి ఉంటే సరిపోయేది. సొంతవాళ్ళ పని కొలవకూడదని చేరినప్పుడే చెప్పారు. షెడ్డుకంతా తెలిసిన చుట్టరికం ఆఫీసు గదుల దాకా ఇంతవరకూ వెళ్ళలేదు, ఆమె వెళ్ళనివ్వలేదు. అయినా ఆ నిమిషంలో ఆమెకి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ఈవిడ మా తోటికోడలు సార్. ఒకే ఇంట్లో ఉంటాం. పెళ్ళయినప్పటినుంచీ పని అంటే నేను చూసింది ఈ చేతుల్నే. వండడమైనా, ఉతకడమైనా, ఏదైనా ఈ వేగమే చూశాను. నాకు ఇదే మామూలైపోయింది. ఇది పరుగని నాకు తెలీలేదు."

బెల్టు ఆగిపోయి ఉంది. మైకు పెద్దకోడలి వైపు తిరిగి చూసింది, ఆ చూపులో ఇప్పుడు కోపం లేదు. పెద్దకోడలు మాత్రం ఎవర్నీ చూడకుండా కూర్చుంది. ఇన్నేళ్ళకి అది పరుగేనన్న మాట వచ్చింది, అదీ నలుగురిలో. వచ్చాక చూసుకుంటే లోపల చల్లబడాల్సింది ఇంకా మండింది.

పెద్దసారు మొహంలో నవ్వు పోయింది. పైవాళ్ళకి చెప్పిన లెక్క పోయింది, ఇప్పుడు మళ్ళీ వెళ్ళి తలదించుకోవాలి. ఆ కసి ఎవరో ఒకరి మీద తీరాలి.

"ఒకే ఇంటివాళ్ళు. ఒకరు చెయ్యడం, ఒకరు కొలవడం. ఇవాళ తప్పు వేశానంటారు, రేపు ఇంకోటి అంటారు, ఏది నమ్మమంటారు నన్ను?" అన్నాడు. "నా దగ్గర ఇది కుదరదు. బెల్టు వేగం పాత లెక్కకి తగ్గించండి. మీ ఇద్దరిలో ఇక్కడ ఒక్కరే ఉంటారు. ఎవరన్నది సాయంత్రంలోగా మీలో మీరు మాట్లాడుకుని నాకు చెప్పండి."

చిన్నకోడలు తోటికోడలి వైపు తిరిగింది. ఉద్యోగం పోయినట్టేనని ఆమెకి తెలుసు, అందుకు సిద్ధపడే నోరు విప్పింది. ఆమెకి కావాల్సింది ఇప్పుడు ఒక్క మంచి మాట.

"చెప్పాను కదా అక్కా," అంది నెమ్మదిగా.

"చెప్పావు," అంది పెద్దకోడలు. "మైకు చేతులు చూశాక చెప్పావు. ఇన్నాళ్ళు నా ఎదురుగా కూర్చుని, నేను వడ్డిస్తే తిన్నావు. అప్పుడు నీకు కనపడలేదు."

పెద్దసారు గడప దాటబోతున్నాడు. పెద్దకోడలు గొంతు పెంచకుండానే పిలిచింది.

"సాయంత్రం దాకా ఎందుకు సార్. నేనుంటాను."

ఆయన ఆగి, తలూపి, వెళ్ళిపోయాడు. బెల్టు మళ్ళీ కదిలింది, పాత వేగంతో. చిన్నకోడలు గడియారం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, ఎటు వెళ్ళాలో తోచనట్టు. పెద్దకోడలు ఎదురొచ్చిన మోటారు అందుకుని, వైరు కొస ఒలుస్తూ, ఆమె వైపు చూడకుండా అంది.

"ఇక్కడ నేనుంటాను. ఇంట్లో ఎవరుంటారో, అది సాయంత్రం తేల్చుకుందాం."